హద్దు గీత ఎక్కడ గీస్తున్నాం? కెమెరా ఫోటోలు, నలుపు తెలుపు ఫైళ్లు, మన కాగితాలు

మన చరిత్రకు ఆధారాలు లేవన్న మాట యూనివర్సిటీలో అడుగుపెట్టిన నాటినుంచీ వింటున్నాం. ఆధారాలు లేకపోవడం కాదు, వాళ్లు వెతికే చోట లేకపోవడం అసలు సంగతి. అవి ఆర్కైవ్సు బీరువాల్లో తక్కువ. వాడల్లో ట్రంకుపెట్టెల అడుగున, గోడ గూళ్లల్లో, దూలానికి కట్టిన సంచుల్లో ఎక్కువ. డి-ఫారం పట్టాలు, శిస్తు రసీదులు, కూలి లెక్కలు, సంఘం చందా పుస్తకాలు, పాటల నోటుబుక్కులు అక్కడే ఉన్నాయి. 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత మనవాళ్లు వేసిన కరపత్రాలు, 1989లో మొదలైన ‘నలుపు’ లాంటి పత్రికల విడి సంచికలు ఎవరో ఒకరి ఇంట్లో ఇంకా దొరుకుతాయి. చవక కాగితం మీద అచ్చయినవన్నీ ఇప్పుడు గోధుమరంగుకి తిరిగి, మడత దగ్గర విరిగిపోతున్నాయి.

వీటిని కాపాడాలంటే ఫోటో తీయక తప్పదు. స్కానర్ వాడకి మోసుకెళ్లలేం. కాగితాన్ని ఇంటి గడప దాటించడానికి ఇంటివాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే న్యాయం. ఇట్లా ‘ఒకసారి చూసి ఇస్తాం’ అని తీసుకెళ్లిన పట్టాలు తిరిగి రాని ఇళ్లు మనకి తెలుసు. కాబట్టి కెమెరా పట్టుకుని మనమే వెళ్లాలి. అయితే 24 మెగాపిక్సెళ్ల కెమెరా తీసే ఒక్కొక్క రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. నూరు పేజీల నోటుబుక్కు అంటే దగ్గరదగ్గర మూడు జీబీ. అది ఫోనులో పంపలేం, కార్యకర్త చేతిలో పెట్టలేం, ప్రింటు తీయలేం. అందుకే చిన్న నలుపు తెలుపు ఫైలుగా మార్చాలి.

మార్చడం కంప్యూటర్ తెలిసిన కుర్రాడికి అప్పజెప్పే యాంత్రికమైన పని అని మేమూ అనుకున్నాం. అది పొరపాటని ఒక నోటుబుక్కు పోగొట్టుకున్నాక తెలిసింది. కాగితం మీద ఏది అక్షరం, ఏది మురికి అని తేల్చే పని అది. ఆ తేల్చడం ఎట్లా జరుగుతుందో, దాంట్లో మన కాగితాలకి ఎక్కడెక్కడ నష్టం వస్తుందో, ఆ నష్టాన్ని ఎట్లా ఆపుకోవాలో ఈ వ్యాసంలో చెబుతాం.

రా ఫైలు అంటే ఏమిటి?

కెమెరాలోని సెన్సర్ మీద లక్షల కొద్దీ గుంటలుంటాయి. ఒక్కొక్క గుంట తనమీద పడ్డ వెలుతురు ఎంతో కొలుస్తుంది. గుంటకి రంగు తెలియదు. అందుకని ప్రతి గుంట మీద ఒక రంగు అద్దం పెడతారు. నాలుగు గుంటలకి రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. ఈ అమరిక కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుమీద 1976లో పేటెంటు అయింది. ఇప్పటికీ ఎక్కువ కెమెరాల్లో నడిచేది ఇదే. గుంటలు కొలిచిన ఆ లెక్కల్ని ఏమీ మార్చకుండా దాచుకున్నదే రా ఫైలు. స్టూడియోల కాలంలో నెగటివ్ ఎట్లాగో ఇది అట్లా. నికాన్‌లో ఎన్ఈఎఫ్ అని, సోనీలో ఏఆర్‌డబ్ల్యు అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. అడోబీ 2004లో డీఎన్‌జీ అనే ఉమ్మడి రూపాన్ని తెచ్చింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రో మోడ్ తెరిస్తే ఈ డీఎన్‌జీ తీసుకునే వీలుంటుంది.

రా ఫైల్లో ఒక్కో గుంట వెలుతురును 14 బిట్లలో రాస్తే చీకటికీ వెలుగుకీ మధ్య 16,384 మెట్లు ఉంటాయి. కెమెరా తనంతట తాను చేసిచ్చే జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే మిగులుతాయి. మనం చివరికి చేసే నలుపు తెలుపు ఫైల్లో మిగిలేవి రెండే. 16,384 నుంచి 2 దాకా దిగుతున్నాం అన్నది గుర్తుంచుకుంటే ఈ పనిలో ఎంత వదులుకుంటున్నామో అర్థమవుతుంది. చీకటి గుడిసెలో, కిటికీ పక్కన ఒకవైపే వెలుగుపడే చోట తీసిన పేజీలో నీడవైపు అక్షరాలు రా ఫైల్లో బతికి ఉంటాయి. జేపెగ్ అయ్యేసరికి చాలాసార్లు మసిగా కలిసిపోతాయి. పైగా జేపెగ్ బొమ్మను ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు గడులుగా కోసి కుదిస్తుంది. ఎక్కువ కుదిస్తే అక్షరాల అంచుల చుట్టూ పొగలాంటి మరకలు వస్తాయి. తర్వాత నలుపు తెలుపు చేసేటప్పుడు ఆ మరకలే చుక్కలై కూర్చుంటాయి. అందుకే మొదలు రా నుంచే పెట్టాలి.

రంగుల నుంచి బూడిదరంగుకి

మొదటి మెట్టు రా ఫైలును తెరిచి బొమ్మగా చేయడం. డార్క్‌టేబుల్, రా థెరపీ అనేవి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు. ఇవి అసలు రా ఫైలును ముట్టుకోవు. మనం చేసిన మార్పుల్ని పక్కన వేరే చిన్న ఫైల్లో రాసుకుంటాయి. ఇక్కడ వెలుతురు సరిచేసుకుని, 16 బిట్ల టిఫ్ ఫైలుగా బయటికి తీసుకోవాలి.

రెండో మెట్టు రంగు తీసేయడం. మామూలుగా సాఫ్ట్‌వేర్ ఎరుపులో సుమారు 30 పాళ్లు, ఆకుపచ్చలో 59, నీలంలో 11 కలిపి బూడిదరంగు చేస్తుంది. మనిషి కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా కనపడుతుంది కాబట్టి ఆ లెక్క. ఆ లెక్క మన కాగితానికి సరిపోవాలని లేదు. నీలం సిరాతో రాసి, పసుపెక్కిన కాగితం తీసుకోండి. నీలం సిరా ఎర్రని వెలుతురును మింగుతుంది. పసుపు కాగితం ఎర్రని వెలుతురును వెనక్కి పంపుతుంది. కాబట్టి ఎరుపు పాలు ఒక్కటే తీసుకుంటే కాగితం తెల్లగా, రాత నల్లగా విడివడుతుంది. అదే నీలం పాలు తీసుకుంటే కాగితం నల్లబడి, రాత తేలిపోయి, రెండూ ఒకటవుతాయి.

అయితే ఎరుపు పాలు అన్నిటికీ మంచిది కాదు. అదే కాగితం మీద తహసీల్దారు ఆఫీసు ఎర్ర ముద్ర ఉంటే ఎరుపు పాలులో అది మాయమవుతుంది. పట్టా మీద ముద్ర కనపడకపోతే ఆ నకలు చూసిన అధికారి ఏమంటాడో చెప్పక్కర్లేదు. ముద్రల సిరా, వేలిముద్ర వేయించే ఊదారంగు సిరా ఆకుపచ్చ వెలుతురును బాగా మింగుతాయి. వాటికి ఆకుపచ్చ పాలు వాడాలి. నీలం రాత, ఎర్ర ముద్ర, ఊదా వేలిముద్ర మూడూ ఉన్న పట్టాకి ఒక్క ఫైలుతో పని జరగదు. రెండు ఫైళ్లు చేయాలి, లేదా రంగుల్లోనే ఉంచాలి.

హద్దు

ఇప్పుడు బొమ్మలో ప్రతి పిక్సెల్‌కి 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉందనుకుందాం. 0 అంటే కటిక నలుపు. 255 అంటే పూర్తి తెలుపు. ఒక అంకె దగ్గర గీత గీసి, అంతకు తక్కువవన్నీ నలుపు, ఎక్కువవన్నీ తెలుపు అనడమే నలుపు తెలుపు చేయడం. ఈ గీతని మనం హద్దు అందాం. పొలం హద్దు గురించి తెలిసినవాళ్లకి ఈ హద్దు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఎక్కడ పడిందన్న దాన్నిబట్టే ఎవరిది ఉంటుందో, ఎవరిది పోతుందో తేలుతుంది.

చాలా సాఫ్ట్‌వేర్లలో ముందే పెట్టి ఉండే హద్దు సగం దగ్గర, అంటే 128 దగ్గర. తెల్లని బాండు కాగితం మీద నల్లని అచ్చుకి అది చక్కగా సరిపోతుంది. మన కాగితం అంకెలు వేరు. ఉదాహరణకి గోధుమరంగు కాగితం 150, సిరా రాత 60, పెన్సిల్ రాత 130, నీడపడ్డ మూల కాగితం 110 అనుకోండి. 128 దగ్గర హద్దు గీస్తే సిరా రాత నలుపవుతుంది, బాగానే ఉంది. పెన్సిల్ రాత 130 కాబట్టి కాగితంలో కలిసి తెల్లబడుతుంది. నీడ మూల 110 కాబట్టి అక్షరాలతో సహా నల్లటి ముద్దవుతుంది. హద్దును 140కి జరిపితే పెన్సిల్ దొరుకుతుంది, నీడ మాత్రం అట్లాగే ఉంటుంది. 100కి జరిపితే నీడ పోతుంది, పెన్సిల్ మళ్లీ పోతుంది. ఈ పేజీకి ఒకే హద్దు ఎక్కడ గీసినా న్యాయం జరగదు.

నోబుయుకి ఒట్సు అనే జపాన్ శాస్త్రవేత్త 1979లో ఒక పద్ధతి చెప్పాడు. పేజీలో ఏ అంకె ఎన్ని పిక్సెళ్లకి ఉందో లెక్కబెట్టి, మొత్తాన్ని రెండు గుంపులుగా చక్కగా విడదీసే అంకె దగ్గర యంత్రమే హద్దు పెట్టుకుంటుంది. సిరా ఒక గుంపు, కాగితం ఒక గుంపు అయినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. పెన్సిల్ రాతలాంటి మూడో చిన్న గుంపు ఉంటే దాన్ని పెద్ద గుంపులో కలిపేస్తుంది. సంఖ్యలో తక్కువున్నవాళ్లని లెక్కలోకి తీసుకోకపోవడం దాని లోపం కాదు. దాన్ని అడిగిందే రెండు గుంపులు చేయమని.

దీనికి విరుగుడు ఒక్కో పిక్సెల్‌కి దాని చుట్టుపక్కల చూసి వేరువేరుగా హద్దు పెట్టడం. సౌవోలా అనే ఆయనా, ఆయన సహచరుడూ 2000లో ప్రచురించిన పద్ధతి ఇందులో బాగా వాడుకలో ఉంది. నీడ మూలలో ఉన్న పిక్సెల్‌ని ఆ మూలలోని పక్కవాటితోనే పోలుస్తుంది కాబట్టి నీడ సమస్య చాలావరకు తీరుతుంది. ఇందులో మనం మార్చుకోగలిగినవి రెండు. ఒకటి చుట్టుపక్కల ఎంత మేర చూడాలన్నది. మరీ తక్కువ చూస్తే లావు అక్షరాల కడుపు తెల్లబడి డొల్ల అవుతుంది. రెండోది ‘కె’ అనే అంకె. ఇది 0.5 దగ్గరుంటే మసక రాతలన్నీ పోతాయి. మన ఉదాహరణలోని పెన్సిల్ 0.2 దగ్గర కూడా పోతుంది, 0.1 దాకా దించితేనే దొరుకుతుంది. దాంతోపాటు కాగితపు పీచు, మడత గీతలు కూడా నల్లగా వస్తాయి. చూడటానికి మురికిగా ఉంటుంది. శుభ్రంగా ఉన్న ఫైలు కావాలా, పేర్లున్న ఫైలు కావాలా అన్నది అక్కడ మనం తేల్చుకోవలసిన ప్రశ్న.

మేం పోగొట్టుకున్నది

ఇక నోటుబుక్కు సంగతి. ఒక మాదిగ వాడలో చావు ఖర్చుల కోసం నెలనెలా చందా ఎత్తిన పుస్తకం అది, 1980ల నాటిది. ఇంటి యజమానుల పేర్లూ వాళ్ల రూపాయలూ సిరాతో ఉన్నాయి. కింద, పక్కన, వరుసల మధ్య పెన్సిల్ రాతలున్నాయి. ఆడవాళ్లు తమ కూలిలోంచి విడిగా ఇచ్చిన అర్ధరూపాయలు, రూపాయలు, వాళ్ల పేర్లు. అప్పట్లో బడికి పోతున్న ఒక పిల్ల రాసిందట.

సెకండ్‌హాండ్ కెమెరా, ఒక్కటే కార్డు. రెండు రోజులు తీశాం. మొదటి రోజు రాత్రి కార్డు నిండింది. ఆ రోజు తీసిన 38 పేజీల్ని లాప్‌టాప్‌లో ముందే పెట్టి ఉన్న హద్దుతో నలుపు తెలుపుగా మార్చి, ఫైళ్లు తెరిచి చూసి, సిరా అక్షరాలు నల్లగా, కాగితం తెల్లగా కనపడేసరికి సంతోషపడి రా ఫైళ్లు తుడిచేశాం. పెన్సిల్ రాతలు పోయాయని గమనించనే లేదు. చదువుకున్నవాళ్లం మేమే, చూసిందీ మేమే.

వానాకాలం తర్వాత అచ్చేసిన కాగితాలు పట్టుకుని ఆ వాడకి వెళ్లాం. అప్పటికి ఆ నోటుబుక్కును చెద తినేసింది. ఒక ముసలమ్మ మనవరాలితో పేజీలు తిప్పించి చదివించుకుంది. చదివించుకున్నాక, ‘మా ఆయన పేరుంది. నా పేరేది బిడ్డా? నేనియ్యలేదా?’ అని అడిగింది. రెండో రోజు తీసిన పేజీల రా ఫైళ్లు మిగిలాయి కాబట్టి వాటిలోంచి కొన్ని పేర్లు తిరిగి తీయగలిగాం. ఆమె పేరు ఉన్న పేజీలు ఆ 38లో ఉండి ఉండాలి. అక్కడ ఇప్పుడు తెల్లగా ఉంది.

మన ఆడవాళ్లు చరిత్రలో కనపడరని వ్యాసాలు రాసే మేమే వాళ్లని ఒక మీట నొక్కి తుడిచేశాం. దీన్ని యంత్రం మీదికి నెట్టలేం. హద్దు అక్కడ పెట్టి ఉందని యంత్రం చెబుతూనే ఉంది. మేం అడగలేదు.

చుక్కలు తుడవడం

హద్దు పెట్టాక పేజీ మీద చిల్లర చుక్కలు మిగులుతాయి. వాటిని తుడిచే సౌకర్యం ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఇన్ని పిక్సెళ్లకన్నా చిన్నగా ఉన్న నల్లమచ్చ ప్రతిదీ మురికే అని అది అనుకుంటుంది. ఇంగ్లీషు అచ్చుకి పెద్ద నష్టం ఉండకపోవచ్చు. తెలుగులో ‘థ’ కడుపులో చుక్క పోతే ‘ద’లా మిగులుతుంది. ‘ఠ’లో చుక్క పోతే ‘పాఠం’ ‘పారం’ అవుతుంది. హైదరాబాదు సంస్థానంలో రెవెన్యూ, కోర్టు కాగితాలు ఉర్దూలో ఉండేవి. ఆ లిపిలో బే, పే, తే అనే అక్షరాల రూపం ఒక్కటే. చుక్కలు ఎన్ని, పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నదే తేడా. చుక్కలు తుడిచిన సేత్వార్ పేజీలో మనిషి పేరు, ఊరి పేరు చదవడం పండితుడికి కూడా కష్టం. ఆంధ్ర ప్రాంతంలో భూమి విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో రాస్తారు. ఒకటింబాతికను 1.25 అని రాసినచోట చుక్క పోతే 125 అవుతుంది. మనం ఊహించుకుని చదువుకోగలం. కోర్టులో అవతలి వకీలు ఊహించుకోనివ్వడు.

కాబట్టి చేతిరాత మీదా, భూమి కాగితాల మీదా చుక్కలు తుడిచే పని యంత్రానికి ఇవ్వకూడదు. పేజీ అంచుల మురికిని చేత్తో తుడుచుకోవచ్చు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. 300 చుక్కల సాంద్రతలో తీసిన పేజీని హద్దు పెట్టక ముందే 600కి పెంచుకోవాలి. అట్లా చేస్తే ఒత్తులు, సున్నాలు పూడుకుపోకుండా నిలబడతాయి. హద్దు పెట్టాక పెంచితే లాభం లేదు.

కుదించడం

ఏ4 కాగితం 300 సాంద్రతలో 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల పొడవు. మొత్తం దాదాపు 87 లక్షల పిక్సెళ్లు. రంగుల్లో ఉంచితే కుదించకముందు 26 ఎంబీ. పిక్సెల్‌కి ఒక్క బిట్ చేస్తే ఒక ఎంబీకి కొంచెం ఎక్కువ. ఇంత తగ్గాక దాన్ని ఇంకా కుదించడానికి రెండు దారులున్నాయి. వాటి మధ్య తేడా తప్పనిసరిగా తెలుసుకోవాలి.

మొదటిది గ్రూప్ 4. 1984లో ఫాక్సు కోసం ప్రమాణంగా వచ్చింది. ఇది ప్రతి వరుసని పైవరుసతో పోల్చి, తెలుపు నలుపుగా మారే చోటు ఎంత జరిగిందో అదొక్కటే రాసుకుంటుంది. పై వరుసా, ఈ వరుసా ఖాళీగా ఉంటే ఒక్క బిట్‌తో సరిపెడుతుంది. తిరిగి విప్పితే ఒక్క పిక్సెల్ కూడా తేడా రాదు. మామూలు అచ్చు పేజీ 100 కేబీ చుట్టుపక్కలకి దిగుతుంది. టిఫ్ లోనూ పీడీఎఫ్ లోనూ ఇది పనిచేస్తుంది. పేజీ మురికిగా ఉంటే ఫైలు పెరుగుతుంది. పెరగనివ్వండి.

రెండోది జేబిగ్ 2. ఇది 2000లో ప్రమాణమయింది. దీంట్లో ఏమీ పోగొట్టని పద్ధతి ఒకటుంది. పోగొట్టే పద్ధతి ఇంకొకటుంది. ఆ రెండో పద్ధతిలో పేజీలో ఒకేలా కనపడే అక్షరాల్ని వెతికి, ఒక్కదాని బొమ్మని దాచుకుని, మిగతా అన్నిచోట్లా అదే అతికిస్తుంది. ఫైలు ఇంకా చిన్నదవుతుంది. ఒకేలా కనపడ్డవి నిజంగా ఒకటి కాకపోతే? 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ సంగతి బయటపెట్టాడు. ఇంటి ప్లాను ఒకటి జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేస్తే, 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లున్న మూడు గదులూ 14.13గా వచ్చాయి. వేరే కాగితాల్లో 6 అంకె 8 అయింది. అక్షరం మసకబారలేదు, చెరిగిపోలేదు. చక్కగా, స్పష్టంగా తప్పు అంకె అచ్చయింది. కంపెనీ ఆ ఏడాదే దిద్దుబాటు సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది.

సర్వే నంబరు 166 అనేది 188 అయితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? చెరిగిన అంకెని చూసి అనుమానిస్తాం. స్పష్టంగా ఉన్న తప్పు అంకెని ఎవరూ అనుమానించరు. కాబట్టి మన కాగితాలకి పోగొట్టే పద్ధతి పనికిరాదు. పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ‘నష్టం లేకుండా’ అన్న ఎంపిక ఉందో లేదో చూసుకోవాలి. ఏ పద్ధతో తెలియకపోతే గ్రూప్ 4 వాడాలి.

ఏవి మార్చకూడదు

మనిషి ముఖం ఉన్న ఫోటోని రెండు రంగుల్లోకి దించకూడదు. కులం సర్టిఫికెట్ మీదా, రేషన్ కార్డు మీదా ఉన్న ఫోటో ఫోటోస్టాట్‌లో నల్లటి మచ్చగా రావడం మనందరికీ అనుభవమే. పక్కన తెల్లటి ముఖం ఉంటే దానికి కళ్లూ ముక్కూ మిగులుతాయి. మన ముఖంలోని మెట్లన్నీ హద్దుకి ఒకేవైపు పడతాయి కాబట్టి మనకేమీ మిగలదు. ముఖాలున్న ఫోటోల్ని కనీసం 256 మెట్ల బూడిదరంగులో ఉంచాలి.

దాడుల్లో తగిలిన దెబ్బల ఫోటోలు, తగలబడిన ఇళ్ల ఫోటోలు రంగుల్లోనే ఉండాలి. కమిలిన గాయం రంగు నలుపు తెలుపులో పోతుంది. వేలిముద్రల్ని రంగుల్లోనో, బూడిదరంగులోనో ఉంచాలి. గీతల మధ్య సందులు హద్దు దగ్గర పూడుకుపోతే వేలిముద్ర సిరా మరకగా మిగులుతుంది. సంతకం చేయడం రాని మన తాతలకి కాగితం మీద ఉన్న ఒక్క గుర్తు అది.

పని వరుస

ఇప్పుడు మేం ఎట్లా చేస్తున్నామో వరుసగా చెబుతాం. కాగితాన్ని ఆరుబయట నీడలో, చదునైన బల్ల మీద పెట్టి, కెమెరాని నిట్టనిలువుగా పైనుంచి చూసేట్టు నిలబెడతాం. ఫ్లాష్ వాడం. పేజీ పక్కన ఒక స్కేలు, ఒక తెల్లకాగితం ముక్క కనపడేట్టు పెడతాం. సైజు, రంగు తర్వాత సరిచూసుకోవడానికి అవి పనికొస్తాయి. రా లోనే తీస్తాం. ఆ సాయంత్రమే రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేస్తాం. ఒక డిస్కు వేరే ఊళ్లో ఉంటుంది.

తర్వాత ప్రతి రా ఫైలుకీ షా-256 అనే లెక్క తీసి రాసుకుంటాం. 64 అక్షరాలు, అంకెల వరుస అది. ఫైలు వేలిముద్ర అనుకోవచ్చు. ఒక్క పిక్సెల్ మారినా ఆ వరుస మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఈ వేలిముద్రని అడుగుతారు. నలుపు తెలుపు చేసిన ఫైలు వేలిముద్ర వేరుగా ఉంటుంది కాబట్టి రెండూ రాసి, ఏది దేనినుంచి వచ్చిందో పక్కన రాసిపెట్టుకోవాలి.

ఆ తర్వాత రా నుంచి 16 బిట్ల టిఫ్, దాన్లోంచి సరైన రంగు పాలు, వంకర సరిచేయడం, 600 సాంద్రతకి పెంచడం, చుట్టుపక్కల చూసే హద్దు, గ్రూప్ 4, చివరికి పీడీఎఫ్. వంకర సరిచేయడం నుంచి హద్దు పెట్టడం దాకా స్కాన్ టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కటే చేస్తుంది. ఏ పాలు తీసుకున్నామో, హద్దు ఏ పద్ధతిలో పెట్టామో, ‘కె’ ఎంతో ఒక కాగితం మీద రాసి ఫైళ్లతో పాటు పెడతాం. రేపు ఇంకొకరు మా హద్దుని తప్పుబట్టాలంటే అది ఎక్కడుందో వాళ్లకి తెలియాలి.

చివరి మెట్టు యంత్రంతో చేసేది కాదు. నలుపు తెలుపు పేజీనీ రంగుల పేజీనీ పక్కపక్కన పెట్టి, వీలైతే కాగితం సొంతదారుతోనే చదివించుకుంటాం. ఏది అక్షరమో, ఏది మరకో వాళ్లకే బాగా తెలుసు. మేం మరక అనుకున్నదాన్ని ‘అది మా నాయిన పెట్టిన టిక్కు, బాకీ తీరిందని గుర్తు’ అని ఒకాయన చెప్పాడు. పేర్లు, అప్పులు, తగాదాలు ఉన్న పేజీల్ని బయటపెట్టొచ్చా అన్నది కూడా వాళ్లనే అడుగుతాం. వద్దంటే ఆ పేజీలు మా దగ్గర ఉంటాయి, బయటికి రావు.

ఇదంతా డబ్బున్న సంస్థలు చేయాల్సిన పని కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. చేస్తే మంచిదే. చేసేదాకా చెద ఆగదు. ప్రతి మండలంలో ఇద్దరు విద్యార్థులు, ఒక కెమెరా, రెండు డిస్కులు ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఉపాధ్యాయ మిత్రులు సెలవుల్లో పిల్లల చేత వాళ్ల ఇళ్లల్లో ఏ కాగితాలున్నాయో ముందు ఒక జాబితా రాయించొచ్చు. చిన్న ఫైళ్లు అందరికీ పంచుదాం. రా ఫైళ్లు మాత్రం తుడవొద్దు. హద్దు తప్పని తేలినరోజు మళ్లీ గీయడానికి మన దగ్గర మిగిలేవి అవే.

ఆ ముసలమ్మ ఇచ్చిన రూపాయి గురించి ఆమె చెప్పినట్టే రాసుకుని, ఆ పుస్తకం ఫైళ్లతో పాటు పెట్టాం. పేజీలో ఉండాల్సిన పేరు పక్క కాగితం మీదికి వచ్చింది.